ఇంటి చీటీ

2002 డిసెంబరు 9, సోమవారం సాయంత్రం 5 గంటల 10 నిమిషాలకు కొత్తరేవు సముద్ర మత్స్యకారుల సహకార సంఘం నుంచి జిల్లా మత్స్యశాఖ కార్యాలయానికి ఒక ఫ్యాక్స్ వెళ్ళింది. అందులో రెండు వాక్యాలున్నాయి. "అల్పపీడనం హెచ్చరిక వచ్చేనాటికి సముద్రంలో ఉన్న మా సంఘం పడవలు పదకొండూ తిరిగి చేరాయి. ఇంకెవరూ సముద్రంలో లేరు." కింద కార్యదర్శి శివరామకృష్ణ సంతకం ఉంది.

ఆ సమయానికి పల్లంరాజు పడవ సముద్రంలోనే ఉంది. అందులో ఐదుగురున్నారు.

మర్నాడు ఉదయం ఉదయభాస్కర్ మొగల్తూరులో బస్సు దిగి, ఆటోలో పదింబావుకి కొత్తరేవు చేరాడు. అతను భీమవరంలో ఒక కంప్యూటర్ కంపెనీలో సర్వీస్ ఇంజనీరు. సంఘానికి యూనిక్స్ మిషన్ అమ్మింది ఆ కంపెనీయే. ఒక సర్వర్, రెండు టెర్మినళ్ళు, ఒక డాట్ మాట్రిక్స్ ప్రింటరు. మూడేళ్ళుగా అది మొరాయించినప్పుడల్లా వచ్చి బాగుచేసేది అతనే. సంచిలో స్క్రూడ్రైవర్లు, రెండు ఫ్లాపీలు, అన్నం క్యారేజీ ఉన్నాయి.

సంఘం వరండాలో ఎనిమిది మంది ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. వాళ్ళ పక్కన బెంచీ మీద ఆపరేటరు నాగదుర్గ ఉంది. మామూలుగా ఆ వేళకి ఆమె లోపల టెర్మినల్ ముందు ఉంటుంది. ఒళ్ళో పొడుగు నోటుపుస్తకం పెట్టుకుని దాని మీద రెండు చేతులూ ఆన్చింది.

"ఇక్కడున్నారేంటి?" అన్నాడు.

"మిషన్ ముట్టుకోవద్దన్నారండి. లోపలికెళ్ళండి సార్, మీకోసమే చూస్తన్నారు."

లోపల శివరామకృష్ణ బల్ల దగ్గర ఉన్నాడు. బల్లకి ఇవతల ముప్పై ఐదేళ్ళ మనిషి నిలబడి ఉంది. కుర్చీ ఖాళీగానే ఉంది. ఆమె పల్లంరాజు భార్య లోవలక్ష్మి. బల్ల మీద పేపర్ వెయిట్ కింద ఒక చీటీ ఉంది.

"రండి భాస్కర్ గారూ. మిషన్‌కి ఏమీ రోగం లేదు లెండి. మీరు ఒక్క ముక్క కాగితం మీద రాసిచ్చేస్తే చాలు. ఈ చీటీ మే నెల పన్నెండో తారీఖున ఈ మిషన్లోంచి వచ్చిందని."

ఉదయభాస్కర్ చీటీ తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. రిబ్బను అరిగి అక్షరాలు పలచగా పడ్డాయి. ఒక మూల పసుపు మరక ఉంది. టోకెన్ నెంబరు 4419. తేదీ 12-05-2002. సమయం 09:05. సరంగు పల్లంరాజు. మనుషులు 5.

కొత్తరేవులో పడవ వేటకి బయల్దేరే ముందు సంఘానికి వచ్చి టోకెను తీసుకోవాలి. ప్రింటరు రెండు ప్రతులు కొడుతుంది. ఒకటి పడవ నడిపించే సరంగు దగ్గర ఉంటుంది. దాన్ని చూపిస్తేనే బంకులో సబ్సిడీ డీజిలు పోస్తారు. రెండోది ఇంటికి ఇస్తారు. మనిషి తిరిగొచ్చాక ఇంట్లోవాళ్ళు దాన్ని పట్టుకొచ్చి సంఘంలో అప్పజెప్తారు. అప్పుడు ఆపరేటరు ఆ నెంబరు కొట్టి పడవ చేరినట్టు నమోదు చేస్తుంది. రెండో ప్రతిని అక్కడ ఎవరూ టోకెను అనరు. ఇంటి చీటీ అంటారు.

"మే పన్నెండంటే ఏంటండీ? వేట నిషేధం," అన్నాడు శివరామకృష్ణ. "ఏప్రిల్ పదిహేను నుంచి మే ఆఖరు దాకా ఒక్క పడవ కదలకూడదు. అప్పుడు టోకెను పుట్టిందంటే డీజిలు కోసమే కదా. పల్లంరాజు మా ఆపరేటరమ్మకి వరసకి బాబాయి. నాకు తెలీకుండా కొట్టిచ్చింది. ఇప్పుడు ఆ పాత చీటీ పట్టుకొచ్చి, మా ఆయన సముద్రంలో ఉన్నాడు వెతికించండి అంటోంది ఈవిడ."

"పాతది కాదండి బాబూ," అంది లోవలక్ష్మి. "మొన్న లక్ష్మివారం పొద్దుటిదండి. నాగదుర్గ నా సేతికే ఇచ్చింది. పోపుల డబ్బాలో ఎట్టుకున్నానండి."

"అబ్బో. అయితే కంప్యూటరు కంటే నీ పోపుల డబ్బా గొప్పదన్నమాట."

"మే నెల్లో ఆయన ఇంటికాడే వల కుట్టుకున్నాడండి. ఊరంతా సూసింది."

"ఊరు చూస్తే సరిపోదమ్మా, కాగితం చూడాలి. ఆదివారం హెచ్చరిక రాగానే మిషన్ లిస్టు తీసింది. పదకొండు పడవలున్నాయి. పదకొండూ వచ్చేశాయి. మీ ఆయన పడవ అందులో లేదు. టోకెను లేకుండా నిజాంపట్నం రేవుకి పోయుంటాడు. దక్షిణంగా వెళ్ళడం చూశానని సరంగు జీవరాజు చెప్పాడుగా."

"నిజాంపట్నం ఎల్తే పదిరోజులుంటాడండి. బట్టలట్టుకెల్తాడు. లుంగీలు దండెం మీదే ఉన్నాయండి."

శివరామకృష్ణ బల్ల సొరుగు లాగి, టైపు చేసిన కాగితం తీసి చీటీ పక్కన పెట్టాడు. అది నాగదుర్గ పేరు మీద ఉంది. నిషేధ కాలంలో అక్రమంగా టోకెను జారీ చేసినందుకు విధుల నుంచి తప్పిస్తున్నట్టు రాసి ఉంది. కింద సంతకానికి జాగా ఖాళీగా ఉంది.

"మీ కాగితం వచ్చాక దీని మీద సంతకం పెడతాను," అన్నాడు.

ఉదయభాస్కర్ సంచి కింద పెట్టి నాగదుర్గ కుర్చీలో కూర్చున్నాడు. రూట్‌గా లోపలికి వెళ్ళాడు. అంటే మిషన్లో ఏదైనా చూడగల, ఏదైనా మార్చగల పేరుతో. ముందు తేదీ అడిగాడు. డిసెంబరు 10, మంగళవారం, 10 గంటల 32 నిమిషాలు అని వచ్చింది. చేతి గడియారంతో పోల్చి చూశాడు. ఒక నిమిషం తేడా ఉంది.

సముద్రంలో ఉన్న పడవల జాబితా తీశాడు. ఒక్క పేరూ రాలేదు.

జాబితా ఎలా తయారవుతుందో అతనికి తెలుసు. ఆ ప్రోగ్రాం రాసింది అతనే. గత పదిహేను రోజుల్లో ఇచ్చిన టోకెన్లు తీసుకుని, వాటిలో తిరిగొచ్చినట్టు నమోదు కాని వాటిని చూపిస్తుంది. అంతకంటే పాతవాటి జోలికి పోదు. జాబితా వదిలేసి టోకెన్ల ఫైలు తెరిచాడు. తేదీల వారీగా కాకుండా నెంబర్ల వారీగా కిందికి దించుకుంటూ వచ్చాడు.

4416, డిసెంబరు 4. 4417, డిసెంబరు 4. 4418, మే 12. 4419, మే 12. 4420, మే 12. 4421, మే 12. 4422, డిసెంబరు 5, మధ్యాహ్నం 3 గంటల 10 నిమిషాలు.

మళ్ళీ పైకి వెళ్ళాడు. ఏప్రిల్ 14న ఇచ్చిన ఆఖరి టోకెను 3102. జూన్ 1న ఇచ్చిన మొదటిది 3103.

"కార్యదర్శి గారూ, ఒకసారి ఇలా వస్తారా?"

శివరామకృష్ణ కళ్ళజోడు పెట్టుకుని వచ్చాడు. లోవలక్ష్మి ఉన్నచోటు నుంచి కదల్లేదు.

"చీటీ మీద నెంబరు చూశారాండీ? నాలుగు వేల నాలుగొందల పందొమ్మిది. మే నెల్లో ఇచ్చుంటే మూడు వేల నూట చిల్లర ఉండాలి."

"పొద్దున్న ఆ అమ్మాయీ నెంబరు చూడండి, నెంబరు చూడండి అంది. నెంబరు వేసింది తనే కదా."

"తను వెయ్యదండి. మిషన్ వేస్తుంది. ఒకదాని తర్వాత ఒకటి. మధ్యలో దూర్చడానికి ఉండదు. ఈ నాలుగూ డిసెంబరు నాలుక్కీ అయిదు మధ్యాహ్నానికీ మధ్య ఇచ్చినవే. తేదీ ఒక్కటే తప్పు."

"నాలుగా?"

"నాలుగు. మిగతా మూడూ వచ్చేశాయి. తిరిగొచ్చిన చీటీల ఫైలు ఉంటుంది, తీయించండి."

ఫైలు అలమర్లో ఉంది. శివరామకృష్ణ తనే తీశాడు. 4418 జీవరాజుది. దాని మీదా 12-05-2002 అనే ఉంది. 4420 మీద, 4421 మీద అదే. శివరామకృష్ణ మూడు చీటీలనీ బల్ల మీద వరసగా పేర్చి, నాలుగోదాన్ని వాటి మధ్యలో దాని స్థానంలో పెట్టాడు.

"మే నెల టోకెను అనుకుని జాబితా దీన్ని వదిలేసింది," అన్నాడు ఉదయభాస్కర్. "పడవ లక్ష్మివారం వెళ్ళింది. తిరిగి రాలేదు."

లోవలక్ష్మి ఇప్పుడు ఖాళీ కుర్చీలో కూర్చుంది.

"మరి తేదీ ఎందుకు తప్పింది?" అన్నాడు శివరామకృష్ణ.

యూనిక్స్ మిషన్లో గడియారం ఎవరు మార్చినా ఆ సంగతి ఒక ఫైల్లో పడుతుంది. పాత సమయం ఒక వరస, కొత్త సమయం ఒక వరస. ఉదయభాస్కర్ ఆ ఫైలు చదివించాడు. పాత సమయం, జనవరి 1, 1980. కొత్త సమయం, మే 12, ఉదయం 8 గంటల 20 నిమిషాలు. మార్చింది రూట్.

1980 ఎక్కణ్ణించి వచ్చిందో అతనికి అర్థమైంది. సర్వర్ లోపల గడియారాన్ని నడిపే బిళ్ళంత బ్యాటరీ ఒకటుంటుంది. అది చచ్చిపోతే కరెంటు పోయి వచ్చినప్పుడు మిషన్‌కి రోజు గుర్తుండదు. మొదటికి వెళ్ళిపోతుంది. అయిదో తారీఖు మధ్యాహ్నం రెండున్నరకి తనే వచ్చి ఆ బ్యాటరీ మార్చాడు. పెట్టె మూత విప్పాడు, పాతది స్క్రూడ్రైవరుతో లేపాడు, కొత్తది నొక్కాడు, మిషన్ లేచేటప్పుడు వచ్చే నీలం తెర మీద తేదీ సరిగా పెట్టాడు. ఆ తెర మీద నెలకి ఒక గడి, రోజుకి ఒక గడి, సంవత్సరానికి ఒక గడి ఉంటాయి. అంతకు ముందు మిషన్ ఏ తేదీలో నడుస్తోందో చూడలేదు. చూడాల్సిన అవసరం ఉందని అనుకోలేదు.

ఎనిమిదీ ఇరవై నుంచి రెండున్నర దాకా ఆ మిషన్‌కి మే నెల.

"రూట్ అంటే ఎవరండీ?" అన్నాడు శివరామకృష్ణ.

"పాస్‌వర్డ్ నాకు తెలుసు. నాగదుర్గ గారికి తెలుసు."

"ఆ పొద్దున మీరు ఇక్కడ లేరు. అంటే మార్చింది ఆ అమ్మాయేగా. నేను అన్నదాంట్లో తప్పేముంది? మేలో కాకపోతే డిసెంబర్లో చేసింది." వరండా వైపు తిరిగి కేకేశాడు. "నాగదుర్గా! ఇలా రా."

ఆమె నోటుపుస్తకంతో లోపలికి వచ్చింది. అడిగేదాకా ఆగలేదు. పుస్తకం తెరిచి, కీబోర్డు మీద పెట్టి, వెనక్కి జరిగి నిలబడింది.

అట్ట మీద "ఫోన్లో సార్ చెప్పినవి" అని ఉంది. ఉదయభాస్కర్ దాన్ని ముందెప్పుడూ చూడలేదు. ఆమె తెరిచిన పేజీలో నీలం సిరాతో ఇలా ఉంది.

"5-12-2002 లక్ష్మివారం. 7-10కి కరెంటు పోయింది, 7-50కి వచ్చింది. మిషన్ 1980 అంటోంది. 8-15కి భీమవరం ఫోను చేశాను. భాస్కర్ సార్ మాట్లాడారు. రూట్‌లోకి వెళ్ళి, డేట్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, 0512082002 కొట్టమన్నారు. కొట్టాను. సన్ అని వచ్చింది. ఇవాళ లక్ష్మివారం కదండీ, ఇది ఆదివారం అంటోంది అన్నాను. వారం సంగతి వదిలేయండి, టైము సరిపోయిందా అన్నారు. సరిపోయింది అన్నాను."

ఆ ఆదేశంలో ముందు నెల చెప్పాలి. తర్వాత రోజు, గంట, నిమిషం, సంవత్సరం. డిసెంబరు అయిదుకి 1205 అనాలి. 0512 అంటే మే పన్నెండు.

ఉదయభాస్కర్ ఆ సంఖ్య మీద వేలు పెట్టి, రెండేసి అంకెల చొప్పున జరిపాడు. లక్ష్మివారం పొద్దున్న ఎనిమిదింబావుకి అతను భీమవరం ఆఫీసులో, రొయ్యల మేత ఫ్యాక్టరీకి వెళ్ళడానికి సర్వీస్ ఫారం నింపుతున్నాడు. ఫారం కుడి వైపు పైన తేదీ గడి ఉంటుంది. అప్పటికే 05-12-2002 అని రాసి ఉన్నాడు. ఫోను భుజానికీ చెవికీ మధ్య పెట్టుకుని ఆ గడి చూసి చదివాడు.

"సన్ పక్కనే మే అని కూడా ఉండుంటుంది," అన్నాడు.

"ఉందేమోనండి. మీరు వదిలేయమన్నారు కదా, ఇంక చదవలేదు. అప్పటికే నలుగురు సరంగులు నెత్తిన నిలబడ్డారు, పోటు పోతోందని."

"అంటే?" అన్నాడు శివరామకృష్ణ. ఇద్దరి మొహాలూ చూశాడు.

"తను కొట్టింది. చెప్పింది నేనండి."

గోడ గడియారం పదకొండుంబావు చూపిస్తోంది. ఉదయభాస్కర్ టోకెను ఫైల్లో నాలుగు తేదీలూ సరిచేశాడు. మార్చే ముందు ఫైలుకి ఒక నకలు ఫ్లాపీలోకి తీశాడు. జాబితా మళ్ళీ అడిగాడు. ఈసారి ఒక వరస వచ్చింది. 4419, పల్లంరాజు, మనుషులు 5, వెళ్ళి అయిదు రోజులు. ప్రింటరు దాన్ని కొట్టింది. అతను కాగితం చింపి శివరామకృష్ణ ముందు పెట్టాడు.

"ఫ్యాక్స్ పంపించండి."

శివరామకృష్ణ కాగితం ముట్టుకోలేదు. "నిన్న సాయంత్రం అందరూ చేరారని సంతకం పెట్టాను. నా మాట మీద అక్కడ గాలింపు ఆపేశారు. ఇవాళ ఒక పడవ ఉంది అంటే మొదట అడిగేది ఏంటో తెలుసా? నిన్న ఎందుకు లేదు అని. ఎందుకు లేదో రాసిన కాగితం నా చేతిలో ఉండాలి. కంపెనీ కాగితం. సంతకంతో. అది లేకుండా నేను పంపను."

"ముందు పంపండి. కాగితం తర్వాత ఇస్తాను."

"తర్వాత ఇస్తాను అన్నవాళ్ళని చాలామందిని చూశాను భాస్కర్ గారూ."

ఉదయభాస్కర్ సంఘం ఫోన్లోంచి భీమవరం చేశాడు. మేనేజరు అప్పాజీ ఎత్తాడు. జరిగింది మూడు వాక్యాల్లో చెప్పాడు.

"బ్యాటరీ పోయింది కదరా," అన్నాడు అప్పాజీ. "బ్యాటరీ పోయిందని రాయి. అది అబద్ధమేం కాదుగా."

"బ్యాటరీ పోతే 1980 వస్తుందండి. మే రాదు."

"ఆ సంగతి అక్కడ నీకు తప్ప ఎవడికి తెలుసు? సరే, అసలేమీ రాయకు. రేపు పొద్దున్నే నేనొస్తాను. శివరామకృష్ణ గారితో నేను మాట్లాడతాను."

"కాగితం ఇస్తే గానీ ఫ్యాక్స్ వెళ్ళదండి. రేపటి దాకా ఆగితే..."

"ఒరే భాస్కరూ, మనకి ఈ జిల్లాలో ఇలాంటి సంఘాలు తొమ్మిది ఉన్నాయి. నీ చేత్తో తప్పు నాదే అని రాసిస్తే, రేపు ఆ తొమ్మిదీ నీ కాగితం జిరాక్సు తీసి గోడకి అంటిస్తాయి. విన్నావా?"

"విన్నానండి."

ఫోను పెట్టేశాడు. శివరామకృష్ణ టైపు కాగితాన్ని ముందుకు లాక్కున్నాడు. "కంపెనీ ఇవ్వకపోతే ఆపరేటరు ఇవ్వాలి. ఎవరో ఒకరు ఇవ్వాలి."

"నేను రాసిస్తానండి," అంది నాగదుర్గ. "ఎలా రాయమంటే అలా రాస్తాను. సూసుకోలేదంటే సూసుకోలేదు, దొంగతనంగా ఇచ్చానంటే ఇచ్చాను. పిన్ని కూర్చుంది కదండీ ఇక్కడ. ముందు ఫ్యాక్స్ పంపండి." పెన్ను కోసం బల్ల మీదికి చెయ్యి చాచింది.

పెన్ను ఉదయభాస్కర్ జేబులో ఉంది. అతను సంచిలోంచి కంపెనీ సర్వీస్ ఫారాల కట్ట తీశాడు. కార్బన్ పెట్టాడు. తేదీ గడిలో 10-12-2002 అని రాశాడు. రాసి, ఒక్క క్షణం దాన్ని చూసి, పక్కన "మంగళవారం" అని చేర్చాడు. మిగతాది తెలుగులోనే రాశాడు.

"5-12-2002 ఉదయం మిషన్ తేదీ మార్చే ఆదేశం ఫోన్లో చెప్పింది నేను. నెల ముందు చెప్పాలి. రోజు ముందు చెప్పాను. దాంతో డిసెంబరు 5 బదులు మే 12 పడింది. వారం తేడాగా ఉందని ఆపరేటరు నాగదుర్గ గారు అప్పుడే నాతో అన్నారు. వదిలేయమన్నాను. ఆ మధ్యాహ్నం మిషన్ దగ్గరికి వచ్చి కూడా చూసుకోలేదు. 4419 నెంబరు పడవ 5-12-2002న వెళ్ళింది. ఆదివారం తీసిన జాబితాలో లేకపోవడానికి కారణం ఇదే."

సంతకం పెట్టాడు. పై ప్రతి చింపి ఇచ్చాడు. శివరామకృష్ణ రెండుసార్లు చదివాడు. నాగదుర్గ పేరున్న టైపు కాగితం తీసి సొరుగులో పడేశాడు. చింపలేదు.

కొత్త జాబితా, ఉదయభాస్కర్ కాగితం 12 గంటల 50 నిమిషాలకు ఫ్యాక్స్‌లో వెళ్ళాయి. ఫ్యాక్స్ మిషన్ రెండు పేజీలనీ నెమ్మదిగా మింగి అవతలికి వదిలింది. అందినట్టు చిన్న కాగితం వచ్చింది. ఒంటిగంట పదికి జిల్లా కార్యాలయం నుంచి ఫోను వచ్చింది. గాలింపు మళ్ళీ మొదలుపెట్టమని చెప్పామన్నారు. పడవ రంగు అడిగారు.

"ఏం రంగు?" అన్నాడు శివరామకృష్ణ ఫోను మీద చెయ్యి పెట్టి.

"నీలమండి. అంచు పసుపు," అంది లోవలక్ష్మి. లేచి బల్ల దగ్గరికి వచ్చింది. "నా సీటీ ఇచ్చెయ్యండి."

"ఫైల్లో ఉండాలమ్మా. ఆధారం."

"మడిసి రాకుండా ఇంటి సీటీ మీ ఫైల్లో ఎలా ఉంటదండి?"

శివరామకృష్ణ ఉదయభాస్కర్ వైపు చూశాడు. తర్వాత చీటీ ఆమె వైపు జరిపాడు. ఆమె దాన్ని ఉదయభాస్కర్ ముందు పెట్టింది.

"ఇందులో తప్పు తారీకు పడిందన్నారు కదా బాబూ. దిద్దివ్వండి."

అతను అచ్చు తేదీని ఒక గీతతో కొట్టేసి, పైన 5-12-2002 అని రాశాడు. ఆమె దాన్ని మడిచి, రవికలో పెట్టుకుని, వరండాలోకి వెళ్ళి మిగతా నలుగురి ఇళ్ళవాళ్ళ మధ్య కూర్చుంది.

సాయంత్రం బస్సులో భీమవరం వచ్చేటప్పుడు ఉదయభాస్కర్‌కి అన్నం క్యారేజీ విప్పలేదన్న సంగతి గుర్తొచ్చింది. దారి పొడుగునా వాన పడింది. రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతూ తిరుగుతున్నాయి.

బుధవారం అప్పాజీ అతన్ని ఎక్కడికీ పంపలేదు. కార్బన్ ప్రతి చదివి సొరుగులో పెట్టుకున్నాడు. తిట్టలేదు. "కూర్చో" అన్నాడు. ఉదయభాస్కర్ ఆఫీసులోనే కూర్చుని, జాబితా ప్రోగ్రాం తిరగరాశాడు. కొత్తదాంట్లో పదిహేను రోజుల లెక్క లేదు. తిరిగి రాని టోకెను ఎప్పటిదైనా జాబితాలో పడుతుంది. ఇంకొకటి కూడా చేర్చాడు. పొద్దున్న మొదటి టోకెను ఇచ్చే ముందు మిషన్ ఆ రోజు తేదీనీ వారాన్నీ తెలుగు అక్షరాల్లో చూపించి, నిజమేనా అని అడుగుతుంది. అవునని కొడితే గానీ ముందుకు కదలదు.

సాయంత్రం నాలుగూ ఇరవైకి నాగదుర్గ ఫోను చేసింది.

"పడవ కనపడిందంటండి. మూడూ నలభైకి. ఒడ్డుకి ముప్పై ఎనిమిది మైళ్ళట. తాడు కట్టి లాక్కొస్తన్నారు."

"ఎంతమంది ఉన్నారు?"

"చెప్పలేదండి. మనుషులున్నారు అన్నారు."

"పేర్లు?"

"లేదండి."

గురువారం పొద్దున్న మొదటి బస్సుకి అతను బయల్దేరాడు. వెళ్ళమని అప్పాజీ అనలేదు, వద్దనీ అనలేదు. తొమ్మిదిన్నరకి సరుగుడు తోట దాటి రేవులోకి వచ్చేసరికి ఊరు మొత్తం ఒడ్డున ఉంది. నీలం పడవని పాయ లోపలికి లాక్కొచ్చి కట్టారు. ఇంజను మీద గోనె కప్పి ఉంది. పడవలోంచి నలుగురిని దించారు. ముగ్గురు నడిచారు. ఒకణ్ణి జీవరాజు భుజాన వేసుకున్నాడు.

పల్లంరాజు లేడు.

లోవలక్ష్మి నలుగురినీ ఒక్కొక్కరినీ దగ్గరికి వెళ్ళి చూసింది. తర్వాత పడవలోకి ఎక్కి, గోనె ఎత్తి చూసింది. ఆమెని దించడానికి ఆడవాళ్ళు ఇద్దరు ఎక్కారు.

నలుగురిలో మాట్లాడగలిగినవాడు సురేంద్ర. సంఘం వరండాలో బెంచీ మీద పడుకోబెట్టి కొబ్బరినీళ్ళు పట్టారు. జిల్లా కార్యాలయం నుంచి వచ్చిన గుమాస్తా ప్రశ్నలు అడిగి రాసుకున్నాడు. శుక్రవారం ఇంజను ఆగిపోయింది. లంగరు తాడు తెగింది. మంచినీళ్ళ డబ్బా బోర్లాపడింది. వాన నీళ్ళు తాగారు. పడవలోకి నీళ్ళొస్తుంటే వంతులు వేసుకుని తోడారు. పల్లంరాజు వంతులో పెద్ద కెరటం వచ్చింది. అది వెళ్ళాక అతను లేడు.

"ఎప్పుడు?" అన్నాడు గుమాస్తా.

"తెలీదండి."

"పగలా, రాత్రా?"

"పగలే. మబ్బుగా ఉంది."

"ఏ రోజు?"

సురేంద్ర కళ్ళు మూసుకున్నాడు. గుమాస్తా ఆ గడి వదిలి కిందికి వెళ్ళాడు. ఉదయభాస్కర్ బెంచీ దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

"సోమవారానికి ముందా, తర్వాతా?" అన్నాడు.

సురేంద్ర కళ్ళు తెరిచి, ఇతనెవరా అన్నట్టు చూశాడు.

"సముద్రంలో వారాలేంటండి," అన్నాడు.

పదకొండింటికి నాగదుర్గ లోపలికి వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. శివరామకృష్ణ పక్కకి జరిగి దారిచ్చాడు. ఉదయభాస్కర్ తెచ్చిన కొత్త ప్రోగ్రాం ఎక్కించాడు. తెర మీద ప్రశ్న వచ్చింది. డిసెంబరు 12, 2002, గురువారం. నిజమేనా? నాగదుర్గ గోడ క్యాలెండరు చూసింది. వరండాలో ఉన్న జీవరాజుని కేకేసి, "ఇవాళ ఏ వారం మావయ్యా?" అని అడిగింది.

"లక్ష్మివారం," అన్నాడతను.

అవునని కొట్టింది. 4419 కొట్టింది. వెళ్ళింది 5-12-2002. తిరిగొచ్చింది 12-12-2002. వెళ్ళినవారు 5. వచ్చినవారు 4. తేడా ఉంటే రాని మనిషి పేరు, తేదీ ఇవ్వాలని ప్రోగ్రాం అడిగింది. పేరు కొట్టింది. తేదీ దగ్గర ఆగింది. ఖాళీగా వదిలి ముందుకు వెళ్ళబోయింది. ప్రోగ్రాం ఒప్పుకోలేదు. మళ్ళీ వదిలింది. మళ్ళీ తేదీ అడిగింది.

"ఏం వెయ్యమంటారండి?" అంది.

"ఇవాళ్టిది వేసెయ్యి," అన్నాడు శివరామకృష్ణ. "ఏదో ఒకటి పడాలి కదా."

ఉదయభాస్కర్ కుర్చీ అడిగాడు. ఆమె లేచింది. ఆ గడిని ఖాళీగా ఉంచడానికి వీలయ్యేలా ప్రోగ్రాం మార్చడానికి అతనికి ఇరవై నిమిషాలు పట్టింది. లేచి కుర్చీ ఆమెకి ఇచ్చాడు. ఆమె తేదీ దగ్గర ఏమీ కొట్టకుండా ముందుకు వెళ్ళింది. ఈసారి ప్రోగ్రాం తీసుకుంది.

ఆఖరి ప్రశ్న వచ్చింది. ఇంటి చీటీ అందిందా? వై కానీ ఎన్ కానీ కొట్టాలి.

నాగదుర్గ ఎన్ కొట్టింది.